తారీకు కాదు, తిథి

చొల్లంగి అమావాస్య మర్నాడు
మడ అడవిలోంచి మా ఆయన ఆరు మండపీతలు తెచ్చాడు.
డెక్కలకు జనపతాడు. కళ్ళకు కట్లేం లేవు.
తట్టలోంచి ఒకటి నా వంకే చూస్తూ కూర్చుంది.
రెండు వండాను. నాలుగు దాచాలి.

యానాంలో వాయిదాల మీద కొన్న ఫ్రిజ్
వంటింట్లో పట్టక వీధిగదిలో నిలబడి
రాత్రంతా గురక పెడుతుంది.
మా అత్త వరహాలమ్మ దాన్ని ఇంతవరకూ ముట్టుకోలేదు.
"పీతన్నాక బతికుండగా కుండలో పడాల.
చచ్చి చల్లబడింది కాకులకి" అంటుంది.

ముందు వాటిని మంచుముక్కల్లో నిద్రపుచ్చాను.
పచ్చిగా గడ్డకట్టిస్తే
కండ డిప్పకు అతుక్కుని నీరోడిపోతుందని
రొయ్యల ఫ్యాక్టరీలో ఒలుపు పనికెళ్ళే మా చెల్లి చెప్పింది.
ఉప్పునీళ్ళలో ఉడికించాను.
బురద రంగు పోయి నారింజ రంగొచ్చింది.
చల్లార్చి, మొప్పలు పీకి, తడి తుడిచి,
రెండేసి చొప్పున మందపాటి కవర్లలో పెట్టి
లోపలి గాలి నోటితో పీల్చేసి మూతి కట్టాను.
తెల్ల ప్లాస్టరు మీద బాల్ పెన్నుతో తారీకేసి
ఐసు అర వెనక్కి తోశాను.
గుమ్మంలోంచి అత్త అంది,
"శవాలకి చీటీలు."

పదిహేను రోజులు. మూడుసార్లు కరెంటు పోయింది.
మూడుసార్లూ తలుపు తెరవకుండా
ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి
జొరమొచ్చిన పిల్లకి ఆనించినట్టు చెయ్యి ఆనించాను.

మాఘ పౌర్ణమి వెళ్ళిన మర్నాడు వల నిండా పీతలే.
ఎత్తితే తేలిక.
వెన్నెల తాగిన పీత డొల్ల,
విరిస్తే డెక్కలో నీళ్ళు, నీళ్ళలో ఓ పోగు కండ.
అత్త కంచం పక్కకు నెట్టి
మజ్జిగ తాగి పడుకుంది.

ఆ రాత్రి ఒక మూట కింది అరలో గిన్నెలోకి దింపాను.
వేణ్ణీళ్ళు పోయకూడదు. ఎండలో పెట్టకూడదు.
తొందరపెడితే పైన మెత్తన, లోపల రాయి.

తెల్లారుజామున లేచి చూస్తే
ఫ్రిజ్ ముందు కింద కూర్చుని అత్త.
లోపలి దీపం ఆమె మోకాళ్ళ మీద పడుతోంది.
గిన్నె ఒళ్ళో పెట్టుకుని
వేలి కణుపుతో డిప్ప మీద కొడుతోంది. టక్.
కాసేపాగి మళ్ళీ. ఇంకా టక్కుమంటోంది.

"ఎన్నాళ్ళ కిందటి చావే ఇది, నాగదేవీ?"
తారీకు చెప్పాను. వినిపించుకోలేదు.
"తలుపు మూయత్తా, చలంతా పోతాంది."
మూయలేదు.
గిన్నె అడుగున మూడు గరిటెల నీరు చేరింది.
వంగి వాసన చూసింది.
నాకూ తగిలింది కొంచెం:
మడ ఆకు, పోటు తీసేసిన కాలవ, నల్ల బురద.

మధ్యాహ్నం చింతపండు పులుసు పెట్టాను.
ఉప్పు ఎక్కువైంది,
ఉడకేసినప్పుడొకసారి, పులుసులో ఒకసారి.
ఏమంటుందోనని పొయ్యి దగ్గరే నిలబడ్డాను.

అత్త డెక్క కొరికింది. చిట్లింది.
కండ తాడు పేటలా విడివిడిగా వచ్చింది.
పీల్చింది. ఇంకోటి తీసుకుంది.
ఉప్పు మాట ఎత్తలేదు.
వేళ్ళు నాక్కుంటూ, నాతో కాదు, గోడతో,
"అమాస పీత" అంది.

చెయ్యి కడుక్కొచ్చి
మొదటిసారి తనే ఐసు అర తెరిచింది.
మిగిలిన మూట మీది చీటీని గోటితో గీకింది.
"ఈ అంకెలేంటే? పీతకి తెలుత్తాయా, ఏటికి తెలుత్తాయా?
తిథి రాయి."

పాత ప్లాస్టరు పీకి కొత్తది అంటించాను.

చొల్లంగి అమాస.
మండపీత.
రెండు.