బిల్లు నంబర్ ఒకటి

కంపెనీ స్టోరు కిటికీ కాడ
పదకొండేండ్లను ఒక్కొక్కటే అప్పజెప్పిన.
గ్యాస్ గేజీల జత, ఒకటి.
పైపు కోసే కత్తెర, ఒకటి.
క్లాంప్ మీటరు, ఒకటి, అద్దం పగిలింది,
దానికి రెండు దినార్లు పట్టుకున్నరు.
నీలం చొక్కాలు మూడు. ఛాతి మీద కంపెనీ పేరు,
దాని కింద చిన్నగ నా నంబరు.
రాసి రాసి స్టోరుకీపరు కుంజాలి
స్క్రూడ్రైవరు కాడ ఆగిండు.
పిడి అరిగి నా బొటనవేలంత గుంత పడ్డది దానికి.
"ఇది ఇంకొకనికి పట్టదు" అని తుక్కు డబ్బాల ఏసి,
నా దిక్కు చూడకుండనే
డబ్బాను కాలుతోటి ఇటు జరిపిండు.

ముహరక్‌ల ఒక సందు. నెలకు నలభై దినార్ల గది,
సగం నాకు, సగం సామాన్లకు.
గోడకు రెండు గ్యాస్ సిలిండర్లు
పెండ్లికి తయారైన అన్నదమ్ముల లెక్క నిలవడ్డయి.

బిల్లుబుక్కు అచ్చేసే ముసలాయన
"ఐదువందల ఒకటి నుంచి షురూ చెయ్యి,
ఒకటని చూస్తే కొత్తోడనుకుంటరు" అన్నడు.
మంచి మాటే.
కాని నడుమల బస్సెక్కినట్టు ఉండొద్దనిపించింది.
ఒకటి నుంచే కొట్టుమన్న.
దుబ్బరాజం అంటే ఇంగ్లీషుల రెండు బీలు. ఒకటే కొట్టిండు.
దిద్దితే ఇంకో మూడు దినార్లట. ఉండనీ అన్న.

తొమ్మిది దినాలు.
ఫోను రెండుసార్లు మోగింది,
రెండుసార్లూ లోను కావాల్నా అని.
జూన్ ఎండల ఊరంత ఏసీలు గుర్రుమంటుంటె
ఏ పెట్టె ఎప్పుడాగుతదా అని
చెవి పెట్టి నడిచిన, దొంగ లెక్క. సిగ్గయింది.
ఒకప్పుడు ఎవలది చెడినా తిట్టుకుంటుంటి.
ఇప్పుడు చెడకుంటె నాకు బువ్వ లేదు.

గంగజల ఫోన్ల అడిగింది:
"ఇగ నీకు సేటెవలు?"
"నేనే."
"జీతమెవలిస్తరు?"
"నేనే."
అటు దిక్కు బీడీలాకు కత్తిరిస్తున్న చప్పుడు. ఆగింది.
"మరి సెలవెవలిస్తరు?"

పదో దినం, ఉమ్ జాసిం ఇల్లు.
కిటికీ ఏసీ నీళ్లు కారి కారి
గోడకు పచ్చని గడ్డం మొలిచింది.
ఊడదీసిన. కడిగిన. కెపాసిటరు మార్చిన.
తుక్కు డబ్బాల స్క్రూడ్రైవరే,
దాని గుంతల నా వేలు పోయి కూసున్నది.
పెట్టె ఒకసారి దగ్గి, సల్లగ ఊపిరిడిసింది.
ముసలామె గాలికి మొఖం పెట్టి
కండ్లు తెరవకుండనే అడిగింది: "కం?"

ఎంత.

పదకొండేండ్లల ఈ మాట నన్నెవలడగలే.
ఎన్ని ఇండ్లెక్కిన, ఎన్ని మిద్దెలు దిగిన,
నేను చెమటతోటి దిగినంక
ఎవలో, ఎక్కడో, సల్లని గదిల ధర రాసుకుంటుండె.
కొరుట్ల అంగట్ల టమాటలమ్మిన మా నాయినమ్మకు
నోటి మీదుండేది ఆ జవాబు.
నాకు నాలుక అంగిటికి అతుక్కున్నది.
ఎనిమిది అనాలె. కెపాసిటరు, గ్యాసు కలిపి
సామానే నాలుగున్నర.
నోట్లకెల్లి ఆరు వచ్చింది.
ఆమె నాలుగంది.

కోపం రావాలె. రాలే.
బేరమాడుతున్నది, నాతోటి!
ఐదున్నర కాడ నిలవడ్డ.
దిగనంటే దిగనన్న. ఆ గొంతు
నాకే కొత్తగ ఇనవడ్డది.

మొదటి కాగితం. కింద కార్బను.
తారీకు. ఏసీ, ఒకటి. పని చేసినోడు:
అక్కడ చెయ్యి అలవాటుగ
పాత నంబరు రెండంకెలు ఏసేసింది.
కొట్టేసి పేరు రాసిన, రెండు బీలతోటి.
తెల్లకాగితం ఆమెకు. పసుపుది నాకు.

ఒక దినారు మిగిలింది.
కిరాయికింకా ముప్పై తొమ్మిది.
సందుల నడుస్తుంటె ఎవల ఇంట్లనో పెట్టె
గుర్రుమంటున్నది, బాగనే.
బాగుండనీ అనుకున్న,
ఇయ్యాలటికి.