జామీను

రాత్రి రెండుంబావు. ఖైరతాబాద్ కంట్రోల్ రూమ్.
గోడమీది అంకె నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది దగ్గర
గుక్కపట్టిన బిడ్డలా బిగుసుకుంది.

తీరం నుంచి ఫోను:
"గొట్టంలో ప్రెషర్ పడిపోతోంది సార్,
గ్యాసును నెట్టే కంప్రెసర్‌కి కరెంటు లేదు."
కరెంటెందుకు లేదూ అంటే
టర్బైనుకి గ్యాసు అందక.

మా బర్కత్‌పురలో ఇద్దరుండేవాళ్లు,
ఒకడి చీటీకి ఇంకొకడు జామీను.
ఒకడు పారిపోయిన రోజే
రెండోవాడి దుకాణానికీ తాళం పడింది.

వరూధిని ఫీడర్ల జాబితా తెరిచింది.
ఎవర్ని చీకట్లో పెడదాం?
నాచారంలో ఫర్నేసులు,
అడిక్‌మెట్‌లో పరీక్షలకి చదివే పిల్లలు,
బోరబండలో మూతికి నెబ్యులైజర్ పెట్టుకుని
కూర్చున్న ఎవరో ముసలాయన.
తెరమీద అందరూ మెగావాట్లే.

పక్కగదిలో సిలిండర్ అయిపోయి మూడ్రోజులు.
తాజుద్దీన్ ఇండక్షన్ మీద పెట్టిన చాయ్
అప్పుడే పొంగుకొస్తోంది.
"ముందు అది ఆపు భాయ్" అన్నాను.
రెండు కిలోవాట్లు. సముద్రంలో కాకిరెట్ట.
అయినా ఊరి దీపం ఆర్పే చేత్తో
మన పొయ్యి ఎలా వెలిగించుకుంటాం?

నాచారానికి ఫోన్ చేశాను.
"కరిగిన ఇనుము గడ్డకడితే
నీ జేబులోంచి ఇస్తావా?" అని అరిచాడు అవతలివాడు.
నిజమే. ఇవ్వలేను.
స్విచ్ తీసేశాం.

అంకె ఒక గింజంత పైకి లేచింది.
వరూధిని కళ్లజోడు తుడుచుకుంది.
నాలుగింటికి, చల్లారిన చాయ్ మీద
మీగడ వేలితో పక్కకి నెట్టి తాగాం.
తీరం నుంచి ఇంకా ఫోను రాలేదు.