ట్యాంకు మీద పలక

ట్యాంకు సంచి పైజేబులో
నాలుగు మడతల మ్యాపు.
మడత అరిగి అరిగి
సరిగ్గా కనిగిరి దగ్గరే చిరుగు.
ఊరుంది, కాగితం మీదే లేదు.

హ్యాండిల్‌కి బిగించిన ఫోను
పొదిలి దాటాక ఎండకి కళ్లు తేలేసింది.
దిక్సూచి ముల్లేమో
ట్యాంకు ఇనుముని చూసి
ఉత్తరం మర్చిపోయింది.

తర్లుపాడు మలుపులో
పలకల మిల్లు నీడన బీడీ ఆర్పి
కాశింపీరా
విరిగిన పలకముక్క మీద
బలపంతో రెండు గీతలు గీశాడు:
"ఇది వాగు. ఇది పాత క్వారీ గుంట.
దాటినాక ఎవుర్నీ అడగబాకు,
దోవే చెప్తాది."

కంభం దగ్గర వాన.
జిప్పు సందున దూరి
వాగుని వాగే తుడిచేసింది.

ఇప్పుడు మ్యాపు పక్కపెట్టెలో, స్పానర్ల కింద.
పైజేబులో పలకే.
ఆరినప్పుడల్లా
తెల్లగా, కొంచెం,
ఆ గుంట.