ఏడో అంశం

ఆరో అంశం, కుక్కల లైసెన్సు రుసుము,
రెండు నిమిషాల్లో తేలిపోయింది.
ఏడో దాని దగ్గరికొచ్చేసరికి
మేయర్ లొరెట్టా కళ్లజోడు తీసి తుడుచుకుంది.
పద్దెనిమిదేళ్లుగా ఈ సభల మినిట్స్ రాస్తున్నాను.
ఆవిడ కళ్లజోడు తుడిచిందంటే
ఆ రాత్రి ఇంట్లో నా సూప్ చల్లారిపోతుందని అర్థం.

చెత్త ఎత్తే బండి. కరెంటుది. ఒక్కటే.
ఐదు లక్షల ఇరవై వేల డాలర్లు.
అందులో మూడున్నర లక్షలు రాష్ట్రం ఇస్తుందట.
చార్జరు, దానికో ట్రాన్స్‌ఫార్మరు, తవ్వకం, కేబులు
మాత్రం కాపర్ పాయింట్ ఊరివే.
ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అంటే ఇదే.
ఖజానా చూసే పెల్కీ
అంకుశం ఖరీదు పైకి చదివాడు.
గదిలో హీటరు చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

"ఎక్కణ్ణుంచి తెస్తాం?"
ఎక్కణ్ణుంచో అందరికీ తెలుసు.
ఈత కొలను కప్పు కోసం ఐదేళ్లుగా
చిల్లర చిల్లరగా కూడబెట్టిన పద్దు ఒకటుంది.
దాని పేరు ఎవరూ ఎత్తలేదు.
వెనక వరసలో ఆరుగురు పిల్లలు కూర్చున్నారు మరి,
కొలను నుంచి నేరుగా కోచ్ వెంట వచ్చి.
పార్కింగు దాటేలోగా గడ్డకట్టిన జడలు
ఇప్పుడు కరిగి
కార్పెట్ మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి.
మాట్లాడతామని వాళ్లు పేర్లివ్వలేదు.
ఊరికే, కారుతూ, కూర్చున్నారు.

హర్యులా లేచాడు.
"మైనస్ ముప్పైలో, సుపీరియర్ సరస్సు గాలికి,
నీ బ్యాటరీ ఎన్ని వీధులు తిరుగుతుంది?
కొండ ఎక్కుతూ సగంలో ఆగిపోతే
తొయ్యడానికి నువ్వొస్తావా?"
మరీసా కాగితాలు తిరగేసింది.
డీజిలు, ఆయిలు, బ్రేకులు అన్నీ కలిపి
పన్నెండో ఏటికి కొత్తదే చవకని తేల్చిన లెక్క
ఆమె దగ్గరుంది.
"పన్నెండో ఏటికి నాకు తొంభై మూడు" అన్నాడు హర్యులా.
అందరూ నవ్వారు, మరీసా కూడా.
నవ్వుల్ని నేను రాయను.

గరాజు నుంచి రూనే కాంగస్‌ని పిలిపించారు.
పాత బండిని ఇరవై ఒక్క శీతాకాలాలు బతికించినవాడు.
టోపీ నలుపుకుంటూ మైకు ముందు నిలబడ్డాడు.
కొత్తది చలిలో నడుస్తుందా?
"తెలీదు" అన్నాడు.
"పాతది ఎట్లా నడుస్తోందో కూడా తెలీదు నాకు."
ఇంకేమన్నా చెప్తావా అని మేయర్ అడిగింది.
చెప్పబోయి దగ్గాడు.
చాలాసేపు దగ్గాడు.
జనవరిలో గరాజు తలుపులు మూసుకునే ఇంజను నడిపి చూస్తారు,
తెరిస్తే నీళ్ల పైపులు పగుల్తాయి.
ఆ పొగ ఎక్కడికి పోతుందన్నది
ఇన్నేళ్లలో ఏ అంశం కిందా చర్చకు రాలేదు.
మూడు నిమిషాల గడువు గంట మోగింది.
"అంతే" అని వెళ్లి కూర్చున్నాడు.
నేను రాసింది: శ్రీ కాంగస్ మాట్లాడారు.

చార్జరుకి ఇంకో ధర తెప్పించి
వచ్చే నెల చూద్దామన్నారు.
నలుగురు సరే, ముగ్గురు కాదు.
పెల్కీకి ఓటు లేదు గానీ ఊపిరి వదిలాడు.
పిల్లలు లేచెళ్లిన కుర్చీల కింద
ఆరు తడి మరకలు.

తాళాలేసి గరాజు పక్కగా నడుస్తుంటే
ముక్కులో వెంట్రుకలు కూడా బిర్రబిగుసుకున్నాయి.
లోపల చోటు లేక పాత బండి ఆరుబయటే ఉంది.
దాని మూతి కింద నుంచి నారింజరంగు తీగ ఒకటి
మంచులో పాక్కుంటూ వెళ్లి
గోడ సాకెట్లో తల దూర్చింది.
ఇంజను గడ్డకట్టకుండా వెచ్చబెట్టే తీగ.
రూనే రాత్రి పెట్టి
తెల్లారగట్ల నాలుగింటికి పీకుతాడు.
ఇరవై ఒక్క శీతాకాలాలుగా ఈ డీజిలు బండి
కరెంటు తాగే నిద్రపోతోంది.

ఆ బిల్లు ఏ పద్దులో పడుతుందో
పెల్కీని అడగాలి.