రేపన్‌పల్లి తాళంచెవి

సిరోంచ నుంచి చాందా దాకా
నా నోటికి స్టేజీలన్నీ తెలుసు,
నీళ్ల రుచే తెల్వదు.

పొద్దుగాల ఐదుంబావుకు బస్టాండుల
మడావి దాదా మూత విప్పి
రేడియేటర్‌కు రెండు బాటిళ్లు పోస్తడు.
అది గటగట తాగుతది.
నేను పెదవి తడుపుకొని మూత పెట్టేస్త.
ఒక్క గుటక,
అదిగూడ గొంతు కోసం,
"చలా, ముందుకు జరుగుండ్రి" అని అరవాలె గద.

తొమ్మిదేండ్ల లెక్క ఇది.
ఎంత తాగితే ఎక్కడ ఆపాలె,
ఆపితే ఎవరెవరు చూస్తరు.
టేకు ఆకురాల్చే మాఘంల
అంత పెద్ద అడవి
ఒక్క మనిషిని దాయలేదు.
మగోళ్లకు రోడ్డు పొడుగునా గోడే.
బస్సు ఆగంగనే దిగి వరుసగ నిలబడ్తరు.
నేను ముఖం తిప్పి చిల్లర లెక్కపెడ్త,
లెక్కపెట్టిందే లెక్కపెడ్త.

తలనొస్తే నిద్ర చాలలేదన్న.
మంటపుడితే వేడి చేసిందన్న.
నడుం పోటును గుంతల రోడ్డు మీదికి తోసిన.
గుంతలకు నోరుంటే
నన్ను కోర్టుకు గుంజేవి.

వైశాఖంల ఒకనాడు ఆష్టి వంతెన మీద
వెన్నులకెల్లి గజ్జల దాక
ఎవరో తీగ గుంజినట్టయింది.
టికెట్ మిషన్ చేతిల ఉన్నది,
నేను లేను.
సగం టికెట్ ముసలాయన లేచి
నాకు సీటిచ్చిండు.

దవఖానల వైరాగడే మేడం
తెర మీద చూపించింది,
శెనగ గింజంత రాయి.
"రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతవు?"
నీళ్లు నమిలిన.
ఆ నమిలినవన్న మింగి ఉంటే
రాయి పుట్టకపోవు.
మూడు లీటర్లని రాసింది.
మంచినీళ్లు తాగినంత సులువని
మాట పుట్టించినోడు
ఎన్నడూ ఆడ కండక్టర్ కాలేదు.

"తాగుడు మీరు చెప్తిరి మేడం,
విడుసుడు ఎవరు చెప్తరు?"

ఆమె పెన్ను ఆగింది.
బయట పేషెంట్ల లైను చూసి
గొంతు తగ్గించింది:
"ఓపీ అయిపోయెదాక
నేనుగూడ తాగ.
లేడీస్ బాత్రూముల మందుల డబ్బాలు పెట్టిండ్రు."
ఇద్దరం నవ్వినం.
నవ్వితే నడుం పొడిచింది.

రేపన్‌పల్లిల మిరపకాయ బజ్జీల ఓదెమ్మ
నా ముఖం చూసి ఏమడగలేదు.
సైకిల్ ట్యూబు ముక్క కట్టిన తాళంచెవి
పిండి చేత్తోనే ఇచ్చింది.
"ఎనుక రేకుల తలుపు బిడ్డ.
గడియ గట్టిగ పెట్టుకో,
కుక్క తోస్తది."

గంతే.
నిధి దొరికితే గూడ
గంత సంబురపడకపోదును.

తర్వాత ఆలాపల్లి అంగన్వాడి టీచరమ్మ ఇచ్చింది,
గొండ్‌పిప్రి బ్లౌజుల టైలర్ ఇచ్చింది.
ఇప్పుడు నా సంచిల
చిల్లరకన్న తాళంచెవులే మోగుతయి.
బాటిల్ మీద గోళ్లరంగుతోని గీతలు పెట్టుకున్న.
మొదటి గీత బామ్ని, రెండోది జిమల్‌గట్ట,
అడుగుకొస్తే ఆష్టి.
వంతెన మీద బాటిల్ బోర్లిచ్చి చూస్త,
చుక్క రాలితే నా తప్పే.

మడావి దాదా నన్ను ఒక్కమాట అడగలె.
రేపన్‌పల్లిల మాత్రం రోజూ
ఆరు నిమిషాలు టైర్లు తన్ని చూస్తడు.
నాలుగేండ్ల పిల్లగూడ చెప్తది
టైర్లల్ల గాలి నిండుగున్నదని.

రాయి పోయిందా అంటే
ఇంక ఫోటో తీయించలె.

నిన్న జిమల్‌గట్టల నర్సింగు పిల్ల ఎక్కింది.
పెదవులు ఎండి పొలుసులైనయి.
బాటిల్ ఇయ్యవోతే
"వద్దక్క, దూరం పోవాలె" అన్నది.
ఆ భాష నాకు తెలుసు,
తొమ్మిదేండ్లు నేను మాట్లాడిందే.

టికెట్ చింపి ఏడు రూపాయలు తిరిగిచ్చిన.
రూపాయల నడుమ
ట్యూబు ముక్క తాళంచెవి.
"మళ్ల తెచ్చియ్యి. కుక్కతోని పైలం."

ఆ పిల్ల తాళంచెవిని చూసింది,
నన్ను చూసింది,
బాటిల్ మూత తిప్పింది.

రెండో గీత దాటింది, మూడోది దాటింది.
"మెల్లగ" అన్న.
ఆగలేదు.