బొటనవేలి గోరు

సోమవారం ప్రార్థన అయినంక
పిల్లల గోర్లు చూస్త నేను.
పన్నెండేండ్ల అలవాటు. జేబుల చిన్న కత్తెర.
ఐదో తరగతి జమ్ములమ్మ
కుడి బొటనవేలు పిడికిట్ల దాచుకుంది.
గుంజి చూస్తే గోరు పొడుగ్గ, కొసకు పచ్చగ,
పసరు ఎండినట్టు.
"ఆడపిల్లవు, ఇంత మురికా?"
టక్కున కత్తిరించిన.
పిల్లలు నవ్విండ్రు. ఆమె నవ్వలే, ఏడ్వలే.
రాలిన ముక్క దిక్కు చూసింది,
కూలి పైసలు కింద పడ్డట్టు.

మంగళవారం రాలే.
బుధవారం రాలే.
రిజిస్టర్ల గైరుహాజరు రాసుకుంట పోయిన.
నా దస్తూరి గుండ్రంగ ఉంటదని పేరు.

వంట చేసే ఉసేనమ్మ చెప్పింది,
గుడ్లు లెక్కపెట్టుకుంట, నా మొఖం చూడకుండ:
"సీడుపత్తి క్రాసింగుకు పోతది సారూ ఆ పోరి.
మొగ్గ ఒలవాల్నంటె బొటనవేలి గోరే కత్తి.
నువ్వు కోసినవని మేస్త్రి సగం కూలే అన్నడంట.
మల్ల పెరిగేదాంక పొద్దంత చేన్లనే ఉండాలెనంట.
వాళ్ళయ్య తీసుకున్న అడ్వాన్సు ఉన్నది గద."

బాలల హక్కుల మీద
గద్వాలల రెండు దినాల ట్రైనింగుకు పోయిన నేను.
సంతకం పెట్టిన, ఉప్మా తిన్న, సంచి తెచ్చుకున్న.
మంచి సంచి. ఇప్పటికీ కూరగాయలు అండ్లనే తెస్త.
దాని మీద ఏం రాసుందో చదవలే.

"ఆ గోడ మీది అంకెలు ఏంటివి?"
బియ్యం బస్తాల వెనుక, పెచ్చులూడిన సున్నం మీద
పది, తొమ్మిది, ఎనిమిది.
"పిల్లలకు కష్టమొస్తే చేసే నంబరు."
"మరి చేసినవా?"

పప్పు పొంగుతున్నది.
మేస్త్రి సర్పంచికి బామ్మర్ది.
నేనుండే కిరాయి ఇల్లు సర్పంచిది.
ఉసేనమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని
బటన్ ఫోన్ తీసింది.
సదువు రాదామెకు. అంకెలొస్తయి.
నొక్కి, నా చేతికిచ్చింది.

"మీ పేరు చెప్పకున్నా ఫర్వాలేదు" అన్నది అటు గొంతు.
కొంచెం సేపాగి
చెప్పిన.

ఇద్దరొచ్చిండ్రు. పోయిండ్రు. మల్ల వచ్చిండ్రు.
ఎర్ర కాగితాలు కట్టిన మొగ్గల నడుమ
జమ్ములమ్మ ఒక్కతే అనుకున్న చేన్ల
తొమ్మిదిమంది దొరికిండ్రు.
నలుగురు నా రిజిస్టర్ల ఉన్నోళ్ళే.

జమ్ములమ్మ బడికొస్తున్నది.
వాళ్ళయ్య నన్ను చూసి తొవ్వ మారుస్తడు.
ఆ అడ్వాన్సు ఏమైందో ఇంక అడగలే.
అడగాలె.

ఈ సోమవారం కత్తెర సొరుగుల పెట్టిన.
మూడో వరుసల కొత్తగ చేరిన పిలగాడు
ఎడమ చెయ్యి వీపు వెనుక పెట్టుకున్నడు.
పోయి వాని పక్కన చాప మీద కూసున్న.
గంట కొట్టాల్సిన టైము దాటింది.
ఉసేనమ్మ కిటికీల నుంచి చూస్తున్నది,
గరిటె చేతిలనే ఉంది.