చెక్ ట్రే

గంగపట్నం గుంటల మీద రాత్రి పదకొండు.
ఆరు ఏరియేటర్లు నీళ్ళని చిలకతా ఉండాయి.
గట్టు మీద రేకుల షెడ్డు, షెడ్డులో నులకమంచం,
మంచం మీద పెంచల ప్రసాదు.
వాడి మొహం మీద ఫోను వెలుతురు, నీలంగా.

"మామా, కొత్తోడు సేఫుగా ఎట్టా ఆడాలో చెప్పు" అన్నాడు.
ఈత రానోడు మైపాడు కాడ నిలబడి
లోతెంత అని అడిగినట్టు గాదు,
చెప్పులు యాడ ఇడవాల అని అడిగినట్టు.

చెప్పినా.
నేను చెప్పకపోతే ఆ ఫోనే చెప్తాది గదా వాడికి,
నాకంటే తియ్యగా.

"బియ్యం డబ్బు ముట్టుకోబాకు.
పోయిన రూపాయి ఎనకాల ఇంకో రూపాయిని పంపబాకు,
అది దాన్ని తీసుకురాదు, దాంతోనే ఉండిపోతాది.
తాగి ఆడబాకు. అప్పు తెచ్చి ఆడబాకు.
ఎంత పెట్టినావో ఇంట్లో ఒక మనిషికి తెలిసుండాల.
దాచాలనిపించిన రోజు, ఆ రోజే ఆపేయ్."

బండి నేర్చుకునేటోడి మల్లే తల ఊపినాడు.
"ఇయన్నీ నువ్వు పాటించినావా?"
"పాటించినా."
"ఎన్నాళ్ళు?"
"పదకొండు రోజులు."

మొదటి వందకి మూడొందల నలభై వచ్చింది రా నాకు.
సాయంత్రం నెల్లూరు పోయి
అరకేజీ మలైకాజా కట్టించుకొచ్చినా.
నా కూతురు పాకం వేళ్ళు నాక్కుంటా
"ఎవురిచ్చినారు నాయనా?" అనింది.
ఏం చెప్పాలో తెలవక
జీతమమ్మా అన్నా.
మొదటి అబద్ధం గూడా తియ్యగానే ఉన్నింది.

పన్నెండో రోజు పెట్టింది నా డబ్బు గాదు.
జనరేటర్ డీజిల్‌కని శేషారెడ్డి నా చేతిలో పెట్టి పోయిన
నాలుగు వేలు.
తెల్లారి పోయిద్దాంలే అనుకున్నా.
ఆ రాత్రి ఆట సాగి సాగి
ఆఖరి ఓవర్, పధ్నాలుగు కావాల.

రెండో బంతికి కరెంటు పోయింది.
ఫోనుకి దాని దీపం దానికుండె, నాకు తెలవలే.
చక్రాలాగిన సంగతి చెవులు విన్నాయి,
నాకు చెప్పలే.
మూడోది ఫోరు. నాలుగోది సిక్సరు.
అయిదోది గూడా అట్టే పోయి తాడు దాటి పడింది.

గెలిచినా, పెంచలా. గెలిచినా!
కేకేసినా గట్టు అదిరేటట్టు.
నా కేక తప్ప ఇంకే చప్పుడూ లేదని
అప్పుడు తెలిసింది.

టార్చి వేస్తే నీళ్ళ మీద లక్ష కళ్ళు, ఎర్రగా.
గాలి కోసం పైకొచ్చినాయి రొయ్యలు,
మీసాలు ఆడిస్తా, ఒకదాని మీదొకటి.
ఫోనులో పదకొండు వేలు.
జనరేటర్‌లో చుక్క లేదు.
పెట్రోలు బంకు తీసేదానికి ఇంకా నాలుగు గంటలు.

తెల్లారి వాటిని గంపలకెత్తిన చేతులివి.
శేషారెడ్డి కొట్టలే, తిట్టలే.
గట్టు మీద గొంతుక్కూర్చుని
"లెక్క చూసుకుందాం మస్తానయ్యా" అన్నాడు.
ఇంకా చూస్తానే ఉండాం, మూడో ఏడు.

పెంచల ప్రసాదు చాలాసేపు మాట్లాడలే.
ఫోను తిరగేసి దుప్పటి మీద పెట్టినాడు.
"టైమయింది, ట్రే చూసొస్తా" అని లేచి
గుంటలోకి వేసిన పలక మీద నడిచిపోయినాడు.

తాడు లాగతా ఉంటే నీళ్ళు కారే చప్పుడు.
"ఎట్టుంది రా?"
"ఒక్క పలుకు మిగల్లేదు మామా!
ఊడ్చుకు తినేసినాయి.
రేపు మేత కొంచెం పెంచాల."

మంచం మీద ఫోను
బోర్లా పడుకునే ఒకసారి వణికింది.
తిప్పి చూసినా.
ప్రసాద్ గారూ, మీ ఖాతాలో
యాభై రూపాయలు వేసినాం,
ఉచితంగా.